ఇంటిని వెంటేసుకుని సంతకు: అమెరికాలో ఆర్వీ కాపురానికి రైతుల మార్కెట్ల మార్గదర్శి

ఆర్వీలో, అంటే ఇల్లులా అమర్చిన బండిలో, కాపురం పెట్టిన మూడు నెలలకు మాకు వారాల పేర్లు మరుపుకొచ్చాయి. ఆఫీసు లేదు, సెలవు లేదు. మంగళవారానికీ ఆదివారానికీ తేడా తెలియదు. మళ్లీ మాకు వారాలు నేర్పింది రైతుల సంత. బోర్డు మీద ఫార్మర్స్ మార్కెట్ అనే ఉంటుంది కానీ నేను సంత అనే అంటాను. వారానికో రోజు పొద్దున గుడారాలు లేస్తాయి, మధ్యాహ్నానికి ఆ చోటు మళ్లీ మామూలు వీధో, పార్కింగ్ స్థలమో అయిపోతుంది. దీన్ని సంత అనక ఇంకేమంటారు?

కొత్తగా బయలుదేరినవాళ్లు సాధారణంగా రెండు తప్పులు చేస్తారు. మేమూ చేశాం. దారి ముందు గీసుకుని, మధ్యలో సంత తగిలితే ఆగుదాం అనుకోవడం మొదటిది. అలా వెళితే శనివారం సంత జరిగే ఊరికి ఆదివారం చేరుకుంటారు. రెండోది, ఇంట్లో పెద్ద ఫ్రిజ్ ఉన్నవాళ్లలాగా కొనేయడం. ఈ రెండింటికీ మందు ఒకటే లెక్క: మళ్లీ సంత ఎన్ని రోజుల్లో దొరుకుతుంది? దారి, బుట్ట బరువు, రాత్రి వంట అన్నీ ఆ అంకెను బట్టే నిర్ణయమవుతాయి.

1. ముందు సంత రోజు, తర్వాత దారి

అమెరికా వ్యవసాయ శాఖ స్థానిక ఆహార డైరెక్టరీ ఒకటి ఆన్‌లైన్‌లో నడుపుతోంది. జిప్ కోడ్ ఇస్తే చుట్టుపక్కల సంతలను చూపిస్తుంది. ఆ శాఖ 1994లో లెక్కపెట్టినప్పుడు దేశం మొత్తం మీద 1,755 సంతలు ఉన్నాయి. 2014 నాటికి అవి 8,268 అయ్యాయి. కాబట్టి సంతలకు కొరత లేదు, సరైన రోజున అక్కడ ఉండటమే కష్టం. పైగా డైరెక్టరీలో పాతబడిన వివరాలు చాలా ఉంటాయి. పేరు దొరకగానే బయలుదేరకుండా ఆ సంత సొంత పేజీ తెరిచి, పోయిన వారం ఏదైనా రాశారేమో చూడండి. రెండేళ్లుగా ఉలుకూ పలుకూ లేకపోతే దాన్ని వదిలేయండి. చాలా రాష్ట్రాల వ్యవసాయ శాఖలకు సొంత జాబితాలు కూడా ఉంటాయి. చిన్న ఊళ్ల విషయంలో అయితే అక్కడి లైబ్రరీకి ఫోను చేయడమే అన్నిటికన్నా నమ్మకం.

తర్వాత ఒక కాగితం మీద రాబోయే మూడు వారాల తేదీలు రాసుకుని, ప్రతి వారానికి రెండు సంతలు ఎంచుకోండి: ఒకటి శనివారానిది, ఒకటి వారం మధ్యది. శనివారం సంతలో సరుకు ఎక్కువ, జనమూ ఎక్కువే. వారం మధ్యలో జరిగేవి చిన్నవి, కానీ రైతుకు మాట్లాడే తీరిక ఉంటుంది. మా మట్టుకు మాకు ఒక్కటే ఎంచుకోమంటే వారం మధ్యదే ఎంచుకుంటాం. శాంటా ఫేలో శనివారం సంత ఏడాది పొడవునా ఉంటుంది, వేడి నెలల్లో మంగళవారం కూడా జరుగుతుంది. న్యూయార్క్ యూనియన్ స్క్వేర్ సంత 1976 నుంచి ఉన్నది, వారానికి నాలుగు రోజులు: సోమ, బుధ, శుక్ర, శనివారాలు. శాంటా మోనికాలో 1981 నుంచి నడుస్తున్న బుధవారం సంతకు లాస్ ఏంజెలెస్ హోటళ్ల వంటవాళ్లు పొద్దున్నే వచ్చి పడతారు. వాళ్ల వెనక నడిస్తే ఏ బల్ల మీద ఏది బాగుందో ఎవరినీ అడగక్కర్లేదు.

కాలం సంగతి మరవకండి. ఉత్తరాది సంతలు చాలావరకు మే నుంచి అక్టోబర్ దాకా. ఫ్లోరిడాలో తిరగబడుతుంది, చాలాచోట్ల అక్టోబర్, నవంబర్‌లలో తెరిచి వేసవి ఎండలు ముదిరేలోపు మూసేస్తారు. చలికాలంలో దక్షిణానికి దిగి వేసవిలో ఉత్తరానికి ఎక్కే ఆర్వీ వాళ్లకు ఇది కలిసొచ్చే విషయం. ఫిబ్రవరిలో ఫ్లోరిడా ప్లాంట్ సిటీ దగ్గర స్ట్రాబెర్రీలు, జూన్‌లో జార్జియా పీచ్‌లు, జూలైలో మిషిగన్ ట్రావర్స్ సిటీ చెర్రీలు, ఆగస్టులో మెయిన్ రాష్ట్రపు అడవి బ్లూబెర్రీలు. ఒక పండు వెనక ఏడాదంతా తిరగవచ్చు.

ఆగస్టు చివర న్యూ మెక్సికోలో ఉండగలిగితే తప్పకుండా ఉండండి. ఇనుప జల్లెడ లాంటి పీపాలో పచ్చిమిరపకాయలు పోసి, కింద గ్యాస్ మంట పెట్టి గిరగిరా తిప్పుతారు. కాయల తోలు నల్లబడి పొరలుగా రాలుతూ ఉంటే ఆ వాసన రెండు వీధుల అవతలి దాకా వస్తుంది. వేడివేడిగా సంచిలో పోసి ఇస్తారు. ముడి వేసి పావుగంట ఉంచితే తోలు దానంతట అదే ఊడుతుంది. ఒక్క జాగ్రత్త: ఆ సంచిని బండిలో పెట్టుకుని కిటికీలు మూసి నడపకండి, కళ్లు మండుతాయి.

2. బండిని ఎక్కడ ఆపాలి

సంతలు ఎక్కువగా ఊరి నడిబొడ్డున జరుగుతాయి. పెద్ద ఆర్వీకి అది పద్మవ్యూహం. కప్పు ఉన్న పార్కింగ్‌లలో చాలావాటి ఎత్తు 7 అడుగులకు కాస్త అటూ ఇటూ. పెద్ద మోటారు హోమ్‌లు, ఫిఫ్త్ వీల్‌లు (ట్రక్కు వీపున తగిలించి లాగే పెద్ద ట్రైలర్లు) 12, 13 అడుగులు ఉంటాయి. మీ బండి ఎత్తు, పొడవు రాసి స్టీరింగ్ పక్కన అతికించుకోండి. కంగారులో గుర్తొస్తుందని నమ్మకండి.

అన్నిటికన్నా తేలిక దారి ముందు రోజు సాయంత్రానికే ఊరి బయట క్యాంపు చేరి, పొద్దున వెనక లాక్కొచ్చిన కారులోనో, సైకిల్ మీదో సంతకు వెళ్లడం. ట్రైలర్ వాళ్లు దాన్ని క్యాంపులోనే విప్పి, లాగే ట్రక్కులో వెళ్లవచ్చు. బండి ఒక్కటే ఉండి, దానిలోనే వెళ్లక తప్పకపోతే సంత మేనేజర్‌కు ముందు రోజు ఫోను చేసి, ఇన్ని అడుగుల బండి, ఎక్కడ పెట్టమంటారు అని అడగండి. చర్చి వెనక స్థలమో, జాతర మైదానమో చెబుతారు. గుడారాలు వేసేవాళ్ల ట్రక్కులు ఎక్కడ పెడతారో వాళ్లకు తెలుసు, మీకూ అక్కడే చోటు దొరకవచ్చు. న్యూయార్క్ లాంటి ఊళ్లకైతే బండిని నగరం బయట వదిలి రైలెక్కండి. తూర్పు తీరంలో కొన్ని సొరంగాల్లో ప్రొపేన్ సిలిండర్లున్న బండ్లకు ఆంక్షలున్నాయి. బాల్టిమోర్ హార్బర్ టన్నెల్ వాటిలో ఒకటి.

3. చేతిలో ఏముండాలి

ఒక డాలరు, అయిదు డాలర్ల నోట్లు. కార్డులు తీసుకునే రైతులు పెరిగారు కానీ సిగ్నల్ లేని ఊళ్లో కార్డు పనిచేయదు. కొన్ని సంతల్లో సమాచార గుడారం దగ్గర కార్డు గీసి టోకెన్లు ఇస్తారు. సాధారణంగా అవి ఆ సంతలోనే చెల్లుతాయి. ఆ ఊరివాళ్లకు మిగిలినా పైవారం పనికొస్తాయి, మీకు బండి డ్రాయరులో జ్ఞాపకంగా మిగులుతాయి. అందుకని ఖర్చు పెట్టబోయేంతే కొనండి.

గుడ్డ సంచులు మూడు, ఐస్ ముక్కలున్న చిన్న కూలర్ ఒకటి, పళ్లు నలగకుండా అట్టపెట్టె ఒకటి. కుక్క ఉంటే ముందే కనుక్కోండి. చాలా సంతల్లో రానివ్వరు. ఎండలో బండిలో దాన్ని వదిలి వెళ్లే ఆలోచన మాత్రం చేయకండి.

4. మొదటి చుట్టు ఏమీ కొనకుండా

కడుపు నింపుకుని వెళ్లండి. ఒక చుట్టు ఊరికే తిరిగి, ధరలు, సరుకు చూసుకుని రెండో చుట్టులో కొనండి. విస్కాన్సిన్ రాజధాని మాడిసన్‌లో 1972 నుంచి నడుస్తున్న శనివారం సంత క్యాపిటల్ భవనం చుట్టూ జరుగుతుంది. అక్కడ అందరూ అపసవ్య దిశలోనే నడుస్తారు. మనం ప్రదక్షిణగా బయలుదేరితే ఊరంతా ఎదురొస్తుంది. ఒకసారి అలా బయలుదేరి, పది అడుగుల్లోనే బుద్ధి తెచ్చుకుని వెనక్కి తిరిగాను.

ఈ మొదటి చుట్టులో చూడాల్సిన అసలు విషయం, అమ్ముతున్నది పండించినవాళ్లేనా అన్నది. మాడిసన్‌లో సరుకు విస్కాన్సిన్‌దే అయి ఉండాలి, బల్ల వెనక పండించినవాళ్లే ఉండాలి. కాలిఫోర్నియాలో సర్టిఫైడ్ సంతలని ఉంటాయి. ప్రతి రైతూ ఏయే పంటలు పండిస్తాడో రాసిన పత్రాన్ని బల్ల దగ్గర కనబడేలా పెట్టాలి. బల్ల మీద ఉన్నది ఆ పత్రంలో ఉందో లేదో చూడటానికి అర నిమిషం చాలు. మిగతా చోట్ల అలాంటి కట్టుబాటు ఉండకపోవచ్చు. అరటి పండని ఒహాయోలో అరటిపళ్లు, పండ్ల మీద అంకెల స్టిక్కర్లు, బల్ల కింద వేరే రాష్ట్రం పేరున్న పెట్టెలు, అచ్చులో పోసినట్టు ఒకే సైజు టమాటాలు కనబడితే అది టోకు మార్కెట్ నుంచి వచ్చిన సరుకు. మోసమని కాదు; ఆ ధరకు దాన్ని ఏ సూపర్ మార్కెట్‌లోనైనా కొనుక్కోవచ్చు. అయితే చలి ప్రాంతమైన వెర్మాంట్‌లో మే నెలలో టమాటా కనబడగానే అనుమానపడకండి. ప్లాస్టిక్ కప్పిన షెడ్లలో ముందుగా పండించేవాళ్లు ఉన్నారు. అడిగితే సంతోషంగా చెబుతారు.

5. రైతుతో మాట

"ఇది ఎప్పుడు కోశారు?" అన్నది మంచి ప్రశ్న. "ఏ రోజుకు తినాలి?" అన్నది ఇంకా మంచిది. మెలన్ కొనేటప్పుడు నేను, "గురువారం తినాలి, మీరే ఏరి ఇవ్వండి" అంటాను. ఒకావిడ ఆరేడు పళ్లు తట్టి, తొడిమ దగ్గర వాసన చూసి, రెండు తీసి పక్కన పెట్టింది. "ఇది రేపు, ఇది గురువారం" అంది. గురువారం నాటికి బండి నిండా ఆ పండు వాసనే.

బేరం సంగతి. మనకు నోరు ఊరుకోదు, తెలుసు. ఇక్కడ రైతు బల్ల దగ్గర ధర తగ్గించమని అడగడం మర్యాద కాదు. దానికి బదులు రెండు దారులున్నాయి. సంత ముగిసే అరగంట ముందు వెళితే, మళ్లీ ఇంటికి మోసుకెళ్లడం ఇష్టం లేక వాళ్లే తగ్గిస్తారు. ఆ వేళకు ఏరుకోవడానికి మాత్రం ఏమీ మిగలదు. రెండోది, సెకండ్స్ ఉన్నాయా అని అడగడం. మచ్చపడినవి, పగుళ్లిచ్చినవి, వంకర తిరిగినవి బల్ల కింద పెట్టెలో ఉంటాయి. చాలా తక్కువకు ఇస్తారు. పగిలిన టమాటాకు పచ్చడిలో వచ్చిన లోటేమీ లేదు.

6. మన కూరలు ఎక్కడ

ఇది చాలామంది తెలుగువాళ్లు గమనించని విషయం. మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌లో, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ప్రాంతంలో లావోస్ నుంచి వచ్చి స్థిరపడిన హ్మాంగ్ జాతి రైతులు ఎక్కువ. వాళ్ల బల్లల మీద కాకరకాయలు, పొడుగు చిక్కుళ్లు, సన్న మిరపకాయలు వేసవి చివర దండిగా ఉంటాయి. బర్మా నుంచి శరణార్థులుగా వచ్చి స్థిరపడిన కుటుంబాలు కూరగాయలు అమ్మే చోట ఎర్ర కాడల ఆకు కట్టలు కనబడితే ఆగండి. అది గోంగూరే. బర్మా వంటలోనూ పుల్లకూర అదే. ఆ కట్ట చూసి నా మొహం వెలగడం చూసి, అమ్ముతున్న పెద్దాయన భాష కలవకపోయినా ఇంకో కట్ట కలిపి ఇచ్చాడు. మెక్సికన్ రైతుల దగ్గర వెర్డొలాగాస్ అని రాసి ఉంటే అది మన గంగవావిలి కూర. పావలి కూర అన్నా అదే. కెలీటెస్ పేరుతో అమ్మే ఆకుల్లో తోటకూర జాతి ఉంటుంది. పేరు చదివి దాటిపోకుండా ఆకును చూడండి.

7. ఎంత కొనాలి

కొలతలు మొదట తికమక పెడతాయి. పౌండు అంటే 454 గ్రాములు. బెర్రీలు పింట్ డబ్బాల్లో ఉంటాయి, ఒక్కోటి అర లీటరు పైచిలుకు. పెక్ అంటే దాదాపు 9 లీటర్ల బుట్ట, బుషెల్ అంటే 35 లీటర్లు. అర బుషెల్ పీచ్‌లు చవకే అనిపిస్తాయి. బరువు 25 పౌండ్ల దాకా, అంటే 11 కిలోల పైన. ఇద్దరు మనుషులున్న బండికి అంత ఎందుకు?

ఎందుకో నాకూ తెలియదు, కానీ జార్జియాలో కొన్నాం. పెట్టెను బల్ల మీద పెట్టి బయలుదేరాం. మొదటి మలుపులోనే అది జారి, పళ్లు నేలంతా దొర్లాయి. ఒకటి బ్రేకు పెడల్ వైపు వచ్చేసరికి మా ఆవిడ కాలితో ఆపింది. దెబ్బతిన్నవాటిని రోడ్డు పక్కన బండి ఆపి ఆ సాయంత్రమే ఉడికించాం. అప్పటి నుంచి పెట్టె ఎప్పుడూ నేల మీద, సింకు ముందు, రెండు పక్కలా దిండ్లతో.

మా లెక్క ఇది. తర్వాతి సంత నాలుగు రోజుల్లో ఉంటే ఆకుకూరలు, మొక్కజొన్న, బెర్రీలు రెండు రోజులకే కొంటాం. మొక్కజొన్నలో తీపి కోసిన గంట నుంచే పిండిగా మారడం మొదలవుతుంది, ఆ రాత్రికే తినేయాలి. మిగతా రెండు రోజులకు బీన్స్, వంకాయ, కాకర లాంటివి. ఆ పైన దారి తప్పినా కాపాడేందుకు క్యాబేజీ, గుమ్మడి, ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప. ఫ్రిజ్ అడగని ఈ చివరి వరసే ఆర్వీకి బీమా.

8. బండిలో సర్దడం

చాలా ఆర్వీల్లో ఉండే అబ్‌సార్ప్షన్ ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఉండదు. గ్యాస్ మంటతోనో కరెంటుతోనో అమ్మోనియాను వేడి చేసి చల్లదనం పుట్టిస్తుంది. నెమ్మదిగా చల్లబడుతుంది, బండి వాలుగా ఉంటే సరిగా పనిచేయదు. ఎండలో కాగిన కూరగాయలన్నీ ఒకేసారి తోస్తే లోపల వేడెక్కి, తేరుకోవడానికి పూటంతా పడుతుంది. కూలరులో గంటసేపు చల్లార్చి, తర్వాత విడతలుగా పెట్టండి. లోపల చిన్న థర్మామీటర్ ఉంచి, 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకుండా చూసుకోండి. గాలి ఆడటానికి సందులు వదలండి. కిక్కిరిసిన ఫ్రిజ్ కన్నా సగం నిండిన ఫ్రిజ్ మేలు.

టమాటా, పీచ్, ఉల్లి, బంగాళాదుంప బయటే. యాపిల్, టమాటా, మెలన్ పండేటప్పుడు ఎథిలీన్ అనే వాయువు వదులుతాయి, దానికి ఆకుకూరలు పసుపెక్కుతాయి. చిన్న బండిలో ఈ ఇద్దరినీ వీలైనంత దూరం పెట్టండి. గుడ్ల విషయంలో, కడిగినవా అని రైతును అడగండి. కడిగితే సహజమైన పొర పోతుంది కాబట్టి ఫ్రిజ్‌లోనే ఉంచాలి. ఒకసారి ఫ్రిజ్‌లో పెట్టినవాటిని మళ్లీ బయట వదిలేయకూడదు.

నీళ్లు కొళాయి లేనిచోట మకాం ఉంటే కూరగాయల మట్టి పెద్ద ఖర్చు. మేం కొన్నచోటే మట్టి దులిపి, పనికిరాని ఆకులు తుంచేసి తెచ్చుకుంటాం. ఒక గిన్నెలో నీళ్లు పోసి అన్నీ అందులోనే, శుభ్రమైనవి ముందు, దుంపలు ఆఖర కడుగుతాం. ఆ నీళ్లు టాయిలెట్‌లోకి.

9. రాష్ట్రం దాటే ముందు

కాలిఫోర్నియాలోకి వెళ్లే ప్రధాన రహదారుల మీద 16 వ్యవసాయ తనిఖీ కేంద్రాలున్నాయి. పురుగులు, తెగుళ్లు రాకుండా పండ్లు, కూరగాయలు, మొక్కలు ఉన్నాయా అని అడుగుతారు. బయటి నారింజ, నిమ్మ జాతి పండ్ల మీద పట్టు ఎక్కువ. ఉన్నది ఉన్నట్టు చెప్పేయడమే మంచిది. సరిహద్దు ముందు రాత్రి మా బండిలో పెద్ద వంట ఉంటుంది, మిగిలినవన్నీ కూరలోకి. కెనడా సరిహద్దు దాటేటప్పుడైతే తిండి సామానంతా ప్రకటించాలి. వంటచెరకు కూడా మోయకండి. చెట్లను తినే పురుగులు దానితోనే రాష్ట్రాలు దాటుతాయి. కాల్చే చోటే కొనండి.

10. సంత నుంచి పొలానికి

ఒక రైతుతో మాట కలిస్తే పొలం చూడటానికి రమ్మంటారు. అలా కుదరకపోతే హార్వెస్ట్ హోస్ట్స్ ఉంది. 2009లో మొదలైన ఈ సంస్థలో ఏటా సభ్యత్వం కడితే పొలాల్లో, ద్రాక్షతోటల్లో ఒక రాత్రి బండి నిలుపుకోవచ్చు. అద్దె ఉండదు, వాళ్ల దగ్గర ఏదో ఒకటి కొనడం మర్యాద. నీళ్లు, టాయిలెట్, ట్యాంకులు అన్నీ మీ బండిలోనే ఉండాలి. వెళ్లే ముందు ఫోను చేసి, దారి ఎటు, బండి తిప్పుకోవడానికి చోటుందా అని అడగండి. వెలుగుండగానే చేరండి.

చేరాక బండి ఎక్కడ ఆపాలో వాళ్లు చూపించినా ఒక ప్రశ్న అడగండి: రేపు సంత ఉందా? శుక్రవారం సాయంత్రమైతే కొట్టంలో దీపాలు వెలిగే ఉంటాయి, పెట్టెలు నింపుతూ ఉంటారు. వాళ్ల ట్రక్కు తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరవచ్చు. మీ బండిని గేటుకు అడ్డం లేకుండా పెట్టుకుని పడుకోండి.